బావ చూసిన గింజ

అయినా ఆ గింజ తెల్లగా ఉండటమేమిటి అనుకున్నాడు అతను, సగం గడ్డం నురగలోనూ సగం గాలిలోనూ ఉండగా. మరీ తెలుపు కాదు. పాలు ఎక్కువైన టీ రంగు. పండిన గింజ నల్లగా ఉండాలి. ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. మరి నిన్న సాయంత్రం మైక్రోస్కోపు ముందు కూర్చున్నప్పుడు ఎందుకు తట్టలేదు? రంగు కనబడలేదని అనుకోవడానికి లేదు. కనబడకపోతే ఇప్పుడెలా గుర్తొస్తుంది? కనబడింది, లోపలిదాకా వచ్చింది, అక్కడెవరో గుమ్మంలోనే దాన్ని ఆపి, ఇప్పుడు వద్దు, అయ్యగారు సంతోషంగా ఉన్నారు, రేపు రండి అని పంపేశారు.

లోపలి ఆ గుమస్తాతో అతనికి పాత పరిచయమే. చెడ్డవాడు కాదు, అయ్యగారి సుఖం కోరేవాడు. అక్క కొన్న చొక్కా నచ్చనప్పుడు నచ్చిందని చెప్పించేది అతనే. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజున వాన పడేట్టుందని గుర్తుచేసేదీ అతనే. కానీ ఉద్యోగంలో ఇంతవరకూ వేలు పెట్టలేదు. పెట్టలేదని అనుకున్నాడు.

మిగిలిన సగం గడ్డం గీసుకుంటూ, జరిగినదంతా మొదటినుంచి తలుచుకున్నాడు.

అతను పనిచేసేది మ్యూజియంలో, ఎండుమొక్కల గదిలో. మొక్కల్ని అట్టల మధ్య నొక్కి ఎండబెట్టి, దళసరి కాగితానికి కుట్టి, పేరు రాసి, చెక్క బీరువాల్లో దాచిపెడతారు. అందులో కార్నేషన్ కుటుంబం అతని వాటాకి వచ్చింది. బొకేల్లో పెట్టే కార్నేషన్ పువ్వు అందరికీ తెలుసు. దాని బీద బంధువులే ఎవరికీ తెలియవు. గోడ పగుళ్లలో, రైలు పట్టాల పక్కన, కంకర కుప్పల మీద మొలిచి, ఒక్క వేసవి బతికి, గింజలు రాల్చి వెళ్లిపోతాయి. మళ్లీ ఏడాది ఆ గింజలే దిక్కు. ఆ బంధువులందరినీ విడివిడిగా పేరుపెట్టి పిలవగలిగినవాడు ఊళ్లో అతనొక్కడే. దానివల్ల అతని తల ఏమీ ఎత్తు పెరగలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే మ్యూజియం అని ఊరుకుంటాడు.

అక్క మొగుడు, అంటే బావ, నేలలు చదును చేయించి సిమెంటు బిళ్ళలు పరిపించే కాంట్రాక్టరు. ఇన్నాళ్లూ పెద్ద కాంట్రాక్టర్ల కింద, వాళ్ల పేరుమీద చేశాడు. ఈసారి మొట్టమొదటిగా తన పేరుమీద ఒక పని దొరికింది. పాడుబడ్డ బస్సు డిపో వెనక స్థలాన్ని కార్లు నిలుపుకునే చోటుగా మార్చాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని నేలని కప్పేసే ముందు మ్యూజియంవాళ్లు ఒకసారి చూసి, పోగొట్టుకోకూడని మొక్క ఏదీ లేదని మునిసిపల్ ఆఫీసుకి చెప్పాలి. ఆఫీసులో ఆ సంగతులు చూసే ఆవిడ అతనికే ఫోన్ చేసింది. కాంట్రాక్టరు మా బావండీ, నేను చూడటం బాగుండదేమో అని అతను నసిగితే ఆవిడ నవ్వేసింది. మీ బావగారని తెలుసండీ, మీరు కాకపోతే ఇంకెవరున్నారు చెప్పండి అంది.

అలా కిందటి ఆదివారం ఇద్దరూ కలిసి ఆ స్థలానికి వెళ్లారు. బావ నడుం మీద చేతులు పెట్టుకుని, లేని కార్లని వరసల్లో నిలబెట్టి చూపిస్తూ నడిచాడు. అతను కింద చూస్తూ నడిచాడు. వెనక గోడ వారగా, కంకరలో, అది కనబడింది. జానెడు పొడుగు. తీగలాంటి కాడ. కొసన గోధుమరంగు కాగితం చుట్టినట్టు పొరలు పొరలుగా ఉన్న గుడ్డు ఆకారపు బుడ్డ. ఆ కాగితంలోంచి రోజుకి ఒక్క పువ్వు మాత్రం గులాబిరంగు మొహం బయటపెట్టి, ఎండ ముదిరేసరికి లోపలికి వెళ్లిపోతుంది. ఇంకొక పువ్వు రేపు వస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఒకే మంచి చీర ఉన్నట్టు.

బావ వంగి చూసి, ఇది చచ్చిపోయింది కదరా అన్నాడు. కాగితపు పొరలు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. బతికే ఉందని పువ్వు చూపిస్తే, పోనీ, చావుబతుకుల్లో ఉంది, ఎక్కువసేపు బాధపెట్టకు అన్నాడు.

చిక్కల్లా ఎక్కడుందంటే, ఈ మొక్కలో రెండు రకాలు, అక్కాచెల్లెళ్లలాంటివి ఉన్నాయి. అక్క ఊరి చుట్టూ ఎక్కడపడితే అక్కడే మొలుస్తుంది. దాన్ని కప్పేసినా ఎవరికీ దిగులు లేదు. చెల్లెల్ని మాత్రం ఈ ప్రాంతంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కాడ, పువ్వు, పొరలు ఇద్దరివీ ఒకలాగే ఉంటాయి. గింజని బాగా పెద్దది చేసి చూస్తేనే తేడా. అక్క గింజ మీద సన్నటి వల కప్పినట్టు గీతలు. చెల్లెలి గింజ మీద చిన్నచిన్న బుడిపెలు. అంతే. వల అయితే బావ రోలరు తోలుకోవచ్చు. బుడిపెలు అయితే ఆఫీసు పని ఆపేస్తుంది. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ గోడవారని అలా వదిలెయ్యమని నక్షా మార్పిస్తారో, పనే వేరేవాళ్లకి పోతుందో. బావకి ఇవేవీ వివరంగా చెప్పలేదు. గింజ చూడాలి అని మాత్రం అన్నాడు.

నిన్న గింజ చూశాడు. వల కనబడింది. ఒళ్లు తేలికైపోయింది. ఆఫీసుకి రేపు చెప్పొచ్చులే అని ముందు బావకి ఫోన్ చేసి, మామూలుదే, పని మొదలుపెట్టుకో అన్నాడు. బావ అప్పటికప్పుడు రోలరు డ్రైవరుకి కబురుపెట్టాడు. అతని గది మేడమీద, అక్కావాళ్ల ఇల్లు కింద. భోజనానికి పిలిచి అక్క రెండోసారి అడక్కుండానే వడ్డించింది. బావ కొత్త పనివాళ్ల కథలు చెప్పి అందరినీ నవ్వించాడు. అతను కూడా నవ్వాడు. ఒక కుటుంబం మొత్తం ఒక పచ్చిగింజ మీద కూర్చుని భోంచేసింది.

పచ్చిగింజ ఎండితే ముడుచుకుపోతుంది. ముడుచుకుంటే మీద ముడతలు పడతాయి. వల కోసం వెతికేవాడికి ఆ ముడతలు వలలాగే కనబడతాయి. గింజలు చూసి పేర్లు పెట్టేవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఇది. మిగతా ప్రపంచం ఇంత దూరం వచ్చి పొరబడదు.

మొహం తుడుచుకుని, టీ కూడా తాగకుండా డిపోకి నడిచాడు.

దారిలో ఇంకొక సంగతి తోచి అడుగు నెమ్మదించింది. నిన్న బావ సంతోషం కోసం వల చూశాడు, సరే. ఇవాళ ఇంత ఉత్సాహంగా ఎందుకు నడుస్తున్నాడు? నిజం తేల్చడానికా? అలా అనుకుంటే హాయిగానే ఉంది. కానీ ఆ హాయి అడుగున ఇంకేదో కదులుతోంది. అది చెల్లెలే అయితే ఈ ప్రాంతంలో మొదట చూసినవాడు తను. ఆ మొక్కని కుట్టిన కాగితం మీద తన పేరు ఉంటుంది. అంతకంటే లోతున మరొకటి: బావని ఒక్కసారి ఆగు అనడం. చేతికున్న గడియారం బావ ఎంచినది. మంచం బావ కొన్నది. సెలవుల్లో ఎక్కడికి వెళ్లాలో బావ చెప్తాడు, అందరూ వెళ్తారు, చివరికి అది బాగానే కూడా ఉంటుంది. అదే భరించలేనిది. ఇలాంటివాడు ఇవాళ గింజని చూస్తే ఏం కనబడుతుంది? బుడిపెలు కనబడతాయి. తప్పకుండా కనబడతాయి. నిన్న వల చూసిన కన్నే కదా.

రోలరు గేటు లోపల నిలబడి ఉంది. డ్రైవరు దాని నీడలో టీ తాగుతున్నాడు. బావ టోపీ పెట్టుకుని, తాడు పట్టించి గీతలు కొట్టిస్తున్నాడు. అతను ఎవరినీ పలకరించకుండా వెనక గోడ దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. ఇవాళ్టి పువ్వులు అప్పుడే విచ్చుకుంటున్నాయి. వాటిని వదిలి, బాగా ముదిరి నోరు తెరిచిన బుడ్డల్ని వెతికి, ఒకదాన్ని కాగితపు కవరులో వంచి తట్టాడు. నల్లటి గింజలు టపటపా రాలాయి. ఎంత నలుపంటే, నిన్నటి దాన్ని గింజ అని ఎలా అనుకున్నాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

మీద నీడ పడింది. బావ.

“నిన్న అయిపోయిందన్నావు కదరా.”

“నిన్న చూసింది పచ్చిది బావా. దాన్నిబట్టి చెప్పకూడదు.”

“పచ్చిదైనా పండిందైనా ఆ గింజే కదా. పిల్లాడు పెద్దవాడైతే వేరే ఇంటివాడవుతాడా?”

మామూలుగా అయితే ఈ ప్రశ్నని అతను సాయంత్రం దాకా నెమరు వేసేవాడు. ఇప్పుడు మాత్రం, ఒక్క గంట ఆగు, రోలరు కదిలించకు అన్నాడు. బావ అతని మొహంలోకి చూశాడు. ఆ మొహంలో ఏం కనబడిందో గానీ డ్రైవరు వైపు తిరిగి, ఇంకో టీ తాగవయ్యా, మా ఇంటి శాస్త్రవేత్తగారికి అనుమానం వచ్చింది అని అరిచాడు. తర్వాత స్కూటరు తాళాలు తీశాడు. నేనూ వస్తా, నువ్వొక్కడివే కూర్చుంటే దీపాలు పెట్టేదాకా ఆలోచిస్తావు అన్నాడు.

ఎండుమొక్కల గదిలో ఎప్పుడూ ఫినాయిలు ఉండల వాసన. కిటికీలు పైన, చిన్నవి. బీరువాల మధ్య సందులో ఒక బల్ల, రెండు కుర్చీలు. రెండో కుర్చీ అతనితో పనిచేసే ఆవిడది. ఆవిడ ఈ వారమంతా సెలవు. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా అనుమానం వస్తే రెండోవాళ్లని పిలిచి చూడమంటారు. ఇది ఫలానాదేనా అని అడగరు. పేరు చెప్తే పేరే కనబడుతుంది. ఏం కనబడుతోందో చెప్పు అని మాత్రం అడుగుతారు. ఆవిడ చూసి, తన మాటల్లో చెప్పి, ఎందుకని కూడా అడక్కుండా వెళ్లి తన పని చేసుకుంటుంది. అతనికి తెలిసిన ఉత్తమమైన స్నేహం అదే.

గింజని ఫోర్సెప్స్‌తో తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. దీపం సరిచేశాడు. అద్దం తుడిచాడు. మళ్లీ తుడిచాడు. కన్ను దించలేకపోయాడు. లోపల రెండు పక్షాలవాళ్లూ హాజరయ్యారు. ఒకడు, పాపం బావ, మొదటిసారి సొంతంగా దొరికిన పని అంటున్నాడు. ఇంకొకడు, పాపం నువ్వు, ఇంతవరకూ ఏదీ నీది కాదు అంటున్నాడు. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. ఈ ఇద్దరి గొడవలో గింజని ఎవరూ పిలవలేదు.

వెనక బావ బీరువాల మీది కాగితాలు చదువుతూ తిరుగుతున్నాడు. రెండుసార్లు తుమ్మాడు. ఇంత గడ్డిని ఇంత జాగ్రత్తగా దాస్తారా, ఏ ఆవైనా లోపలికొస్తే మీ అందరి ఉద్యోగాలూ ఒక పూటలో ఊడతాయి అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి అతనికి తోచింది. ఈ గదిలో ఇప్పుడు రెండో మనిషి ఉన్నాడు. ఆ మనిషికి పని జరగాలని ఎంతైనా ఉండొచ్చు. కానీ గింజ మీద ఏముంటే పని జరుగుతుందో, ఏముంటే ఆగుతుందో అతనికి తెలియదు. కోరిక ఉండి, దారి తెలియని కన్ను. ఊరంతా వెతికినా ఇంతకంటే మంచిది దొరకదు.

“బావా, ఇలా రా. ఇందులోకి చూసి ఏం కనబడుతోందో చెప్పు.”

“నేనా? నాకేం తెలుస్తుంది?”

“తెలియకూడదనే. నువ్వు చెప్పేదాన్నిబట్టే నీ పని ఉంటుంది. అందుకని ఉన్నదున్నట్టు చెప్పు.”

బావ అనుమానంగా తలుపు వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, గదిలో ఇంకెవరో ఉన్నట్టు, “నీకు ఏది కావాలో చెప్పరా, అదే కనబడుతోందంటాను” అన్నాడు.

“అదే వద్దు.”

బావ టోపీ వెనక్కి తిప్పుకుని కూర్చున్నాడు. మొదట అతనికి తన కనురెప్పలే కనబడ్డాయి. ఏదో చీపురులా ఉందన్నాడు. తర్వాత చీకటి అన్నాడు. రెండో కన్ను మూయడం చేతకాక దానిమీద అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతను వెనకనుంచి మర తిప్పుతూ, గది అవతల మూలకేసి చూస్తూ నిలబడ్డాడు. బావ మొహం చూస్తే ఏదో ఒకటి వినిపించేస్తుందని భయం.

బావ ఒక్కసారిగా కదలడం మానేశాడు.

“ఇదేంట్రా ఇది” అన్నాడు చివరికి, చాలా మెల్లగా. “పడవలా ఉంది. బోర్లించిన పడవ. నల్లగా నిగనిగలాడుతోంది.”

“పడవ వీపు ఎలా ఉంది?”

“వీపా? ఉండు.” మర తనే తిప్పుకున్నాడు. “కంకర పోశాక, రోలరు తోలకముందు నేల ఎలా ఉంటుంది? అట్లా. గులకరాళ్లలా గుళ్లు గుళ్లుగా లేచి ఉంది. వరసలో పోశారు కూడాను. ఎవడో మంచి పనివాడే.”

“సరిగ్గా చూడు. గుళ్లా, గీతలా?” అని అడిగి, అడిగినందుకు అతను తనని తాను తిట్టుకున్నాడు.

బావకి కోపం వచ్చింది. వృత్తిమీద దెబ్బ తగిలినప్పుడు వచ్చే అసలైన కోపం. పొద్దున్న లేస్తే నేను చూసేది అదే, నేల చదునుగా ఉందా ఎత్తుపల్లాలుగా ఉందా అని, నాకు నువ్వు చెప్పాలా, గీతలుంటే గీతలనే చెప్తాను, ఇవి గుళ్లు, చేత్తో తడిమితే గుచ్చుకుంటాయి అన్నాడు. కన్ను తీయకుండానే అన్నాడు. ఇంకొక గింజ ఉంటే పెట్టు, అదీ చూస్తానన్నాడు. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. మూడోది బావ తనే ఫోర్సెప్స్‌తో పట్టుకోబోయి బల్లకింద పడేశాడు.

అప్పుడు అతను బావని లేపి తను కూర్చుని చూశాడు. బుడిపెలు. బావ పోసిన కంకర. కొత్తగా చూడ్డానికి ఏమీ మిగల్లేదు. లోపల ఎవరూ వాదించలేదు. కన్ను ఇంత ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి అనిపించింది.

“మంచిదేనా?” అని అడిగాడు బావ. రెండు చేతులూ తొడలకి తుడుచుకుంటూ, పరీక్ష రాసి వచ్చినవాడిలా.

“మంచిదే బావా.” ఆ మాట దగ్గర ఆగిపోవచ్చు. ఆగలేదు. “నీ పనికి కాదు. ఇది ఈ చుట్టుపక్కల ఇంతవరకూ దొరకనిది. వాళ్లు పని ఆపేస్తారు.”

బావ టోపీ తీసి సెలవులో ఉన్నావిడ కుర్చీ మీద పెట్టాడు. మళ్లీ వచ్చి వంగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని మైక్రోస్కోపులోకి చూశాడు. ఈ మధ్యలో ఏమైనా మారిందేమో అన్నట్టు.

“ముందే చెప్పుంటే?” అన్నాడు.

“వేరేలా చెప్పేవాడివా?”

“చెప్పేవాణ్ణే” అన్నాడు బావ, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఇంకాసేపు చూసి, “కానీ గుళ్లే. ఇంకోటి అనడానికి లేదు” అన్నాడు. ఆ గొంతులో కోపంతోపాటు ఇంకేదో ఉంది. తను కనిపెట్టిన వస్తువు గురించి మాట్లాడే మనిషి గొంతు. తర్వాత, “మీ అక్కకి మాత్రం నువ్వే చెప్పాలి, నేను ఇంటికి రాను” అన్నాడు.

చెప్తానన్నాడు అతను. ఆ మాట అంటుంటేనే ఎన్నో మెత్తటి ఉపాయాలు వరస కట్టాయి. ఆవిడ సెలవునుంచి వచ్చాక ఇంకోసారి చూపించొచ్చు. కాడలు కూడా కొలిచి చూడొచ్చు. పెద్ద మ్యూజియానికి రెండు గింజలు పంపి, వాళ్ల మాట వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండొచ్చు. ఆలోపల రోలరు సగం దూరం వెళ్తే దానికెవరేం చేస్తారు. ఒక్కొక్కటీ ఎంత మర్యాదగా ఉందో చూసి అతనికి నవ్వొచ్చింది.

“ఏంట్రా నవ్వుతున్నావు?”

ఏం లేదన్నాడు. బావ మళ్లీ గింజమీదకి వంగి, ఈ వరసల మధ్య సందు చూశావా, ఎంత సమంగా ఉందో అని తనలో తను గొణుక్కోవడం మొదలుపెట్టాడు. అతను ఫోన్ దగ్గరికి లాక్కుని మునిసిపల్ ఆఫీసు నంబరు నొక్కాడు.